లోపల ఉన్నవారు: ఒక్కరు

పోయిన వారం రఫీక్ భాయ్ మా ఇంటికి వచ్చాడు. గోదావరిఖనిలో మాది ఒకే బజారు, ఒకే కూరగాయల బండి, కరెంటు పోతే ఇద్దరికీ ఒకేసారి పోతుంది. అయినా ఆయన మా గడప తొక్కి ఏళ్ళు గడిచిపోయాయి. మా బాపు చేతికర్ర టకటకలాడించుకుంటూ చౌరస్తా వైపు వెళ్తుంటే, ఎదురుగా వస్తున్న రఫీక్ భాయ్ చటుక్కున మందుల దుకాణంలోకి దూరిపోతాడని అమ్మ చాలాసార్లు చెప్పింది. అంత మంచి మనిషికి అన్ని రోగాలేమిటో అని జాలిపడేది కూడా. ఇప్పుడు ఆ మనిషే పాత దుప్పటిలో చుట్టిన చెక్క ఒకటి చంకలో ఇరికించుకుని వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు. బాపు పెరట్లో ఉన్నాడని తెలిశాక గొంతు ఇంకా తగ్గించాడు.

"చెల్లె, జిరాక్సు దుకాణం బంద్ చేస్తున్న. గోడలు ఖాళీ చేస్తుంటే గిది దొరికింది. కాకకు ఇద్దామని తెచ్చిన గని, నాతోటి ఒక తప్పయింది," అన్నాడు.

దుప్పటి విప్పాం. మూరెడు వెడల్పున్న చెక్క, దానికి నల్లరంగు, వరసగా ఆరు మేకులు, వాటి కింద విడిగా ఏడో మేకు. ప్రతి మేకు పైన తెల్లరంగుతో బాపు చేతిరాతలో అంకె. దాంతోపాటు ఒక పాత పౌడరు డబ్బా, అందులో గుండ్రంగా కత్తిరించిన అల్యూమినియం బిళ్ళలు. రఫీక్ భాయ్ వాటిని బల్లమీద ఒక్కొక్కటే పరిచాడు. ఆరున్నాయి. ఏడోది పోయిందట. ఈ జిరాక్సు దుకాణం నెట్ సెంటరుగా ఉన్న రోజుల్లోనే పోయిందట. ఆరు కంప్యూటర్లూ విప్పి ఫ్యాన్లు దులిపి మరీ వెతికాడట. కాక, అంటే మా బాపు, తనను నమ్మి అప్పజెప్పిన వస్తువు పోగొట్టానని, మొహం చూపించలేక ఇన్నేళ్ళూ తప్పించుకు తిరిగాడట. మందుల దుకాణం రహస్యం నాకు అప్పటికి అర్థమైంది. ఆ ఏడో బిళ్ళ ఎక్కడుందో నాకు తెలుసు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే అన్ని దగ్గుమందులు కొనే పని తప్పేది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వానో చెప్పాలంటే ఆ బోర్డు సంగతి చెప్పాలి, బోర్డు సంగతి చెప్పాలంటే బాపు సంగతి చెప్పాలి. నాకు ఏదీ సూటిగా చెప్పడం రాదు. నేను రాసిన కోడ్ చూసినవాళ్ళు కూడా అదే అంటారు.

నేను వెబ్‌సైట్లు కడతాను. ఎన్నో ఏళ్ళుగా అదే పని. మా చుట్టాలకు మాత్రం ఈనాటికీ అదేమిటో అంతుపట్టలేదు. పెళ్ళికి వెళ్తే ప్రింటరు బాగుచేయమంటారు. ఒకసారి పెద్దపల్లిలో మా మేనత్త ఇంట్లో మిక్సీ విప్పించారు. ఇంటర్నెట్లో తప్పుడు వార్త వస్తే, మీవాళ్ళే కదా రాసేది అని నన్ను నిలదీస్తారు. కొన్నేళ్ళు హైదరాబాదులో ఉండి, ఇంటినుంచి పని చేసుకోవచ్చు అని కంపెనీ అనగానే మూటాముల్లె సర్దుకుని వచ్చేశాను. ఇప్పుడు మా మేడమీద గదిలో కూర్చుని ఎక్కడో ఉన్న దుకాణాలకు సైట్లు కడుతుంటాను. కింద అమ్మ, బాపు. నేను పైన ఏం చేస్తానో ఈ ప్రపంచంలో సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి బాపు ఒక్కడే. ఆయన అర్థం చేసుకున్నది మొత్తం తప్పే, అయినా ఈ మాట మీద నేను నిలబడతాను.

బాపు పేరు రాజలింగు. బొగ్గుబాయి దగ్గర దీపాల గదిలో డ్యూటీ చేసేవాడు. బాయి దిగే ప్రతి మనిషీ ముందు ఆ గది కిటికీ దగ్గర ఆగాలి. తన నంబరు కొట్టిన బిళ్ళ లోపలికిచ్చి, టోపీకి తగిలించుకునే దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకోవాలి. బాపు ఆ బిళ్ళను బోర్డు మీద మేకుకు వేస్తాడు. పైకొచ్చాక దీపం తిరిగిచ్చి బిళ్ళ పట్టుకుపోవాలి. మేకుకు బిళ్ళ ఉందంటే మనిషి కింద ఉన్నట్టు. షిఫ్టు అయిపోయి సైరన్ మోగాక బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా బాపు కదిలేవాడు కాదు. ఆ మనిషి ఎక్కడ, ఎవరితో దిగాడు, చివరిసారి ఎవరు చూశారు అని కనపడ్డవాణ్ణల్లా అడిగేవాడు. తీరా చూస్తే ఆ మనిషి దీపంతో సహా క్యాంటీన్లో కూర్చుని చాయ్ తాగుతుండేవాడు. అప్పుడు బాపు తిట్టే తిట్లు ఇక్కడ రాయను.

మా ఇంట్లో పద్ధతి ఒకటుండేది. బాపు డ్యూటీ నుంచి వచ్చి సైకిల్ గోడకు ఆనించగానే, అమ్మ మంచినీళ్ళు ఇవ్వకముందే, వంటింట్లోంచే ఖాళీ అయ్యిందా అని అడిగేది. ఖాళీ అయ్యింది అని బాపు అనేవాడు. ఆ తర్వాతే కాళ్ళు కడుక్కోవడం, ఆ తర్వాతే అన్నం. బోర్డు ఖాళీ అయిందన్న మాట వినపడందే మా ఇంట్లో పచ్చిపులుసుకు పోపు పడేది కాదు. బ్యాటరీల యాసిడ్ చుక్కలు పడి బాపు చొక్కాలన్నిటికీ చిల్లులే, అమ్మ వాటిని కుట్టీ కుట్టీ విసిగి ఒక్కోసారి చిల్లుకు చిల్లు తగిలించి ఒకేసారి కుట్టేసేది, దాంతో జేబు భుజం దగ్గరకు వచ్చేది. చొక్కా విప్పితే చింతపండు పులుపులా ముక్కుకు తగిలే యాసిడ్ వాసన. క్వార్టర్ నిండా బొగ్గు పొయ్యి పొగ, అమ్మ సర్వపిండి కాలుస్తుంటే నువ్వుల వాసన, దండెం మీద పొద్దున ఉతికి మధ్యాహ్నానికి మళ్ళీ నల్లబడ్డ బట్టలు. మేం పిల్లలం తెల్లచొక్కా అనేదాన్ని ఫొటోల్లోనే చూశాం.

ఒక సంగతి మాత్రం బాపు దగ్గర ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన ఒక్కసారి కూడా బాయి దిగలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు డాక్టరు పరీక్షలో ఒక కన్ను మసకని తేలింది, కింద పనికి పనికిరాడని రాశారు, పైన దీపాల గదిలో వేశారు. సాయంత్రం క్వార్టర్ల ముందు మంచాలేసుకుని మగవాళ్ళంతా కప్పు ఎట్లా కూలింది, తాము ఎట్లా ఉరికారు అని చెప్పుకుంటుంటే, బాపు తువ్వాలతో దోమలు కొట్టుకుంటూ వినేవాడు. ఎవరైనా కొత్తవాడు మీరు ఏ సీముల చేస్తరు అని, అంటే ఏ బొగ్గుపొరలో పని అని అడిగితే లేచి నల్లా వైపు వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో మనుషులందరినీ కిందికి పంపి పైకి రప్పించిన మనిషికి, తాను దిగలేదన్న చిన్నతనం గుచ్చుకునేది. అది నాకు చిన్నప్పటినుంచీ కనపడుతూనే ఉండేది.

అట్లాంటి ఇంట్లో ఉన్న నేను డిగ్రీ అయ్యాక రఫీక్ భాయ్ కొత్తగా తెరిచిన నెట్ సెంటరులో పనికి చేరతానన్నాను. ఆరు కంప్యూటర్లు, ప్రతి కీబోర్డు మీద బొగ్గుదుమ్ము పడకుండా ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద వేళ్ళముద్రల నలుపు. నా మొదటి సాంకేతిక బాధ్యత పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం. ఫోన్ లైనుకు తగిలించిన మోడెం కీచుకీచుమని, గరగరమని, కాసేపు ఏడ్చి, తర్వాత ఊరుకుంటే ఇంటర్నెట్ వచ్చినట్టు. పేజీ ఒకటి తెరవమని నొక్కి, బయటికెళ్ళి మిర్చిబజ్జీ తిని వస్తే సగం బొమ్మ వచ్చి ఉండేది. నాకు అదంతా పిచ్చిగా నచ్చేసింది. వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకోవాలని అక్కడే బుర్రకెక్కింది. కానీ బాపు జేబులో అప్పటికే ఒక ఫారం నిండి ఉంది. కాలనీలో ఆడపిల్లలకు కుట్టు శిక్షణ పెట్టారు. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. ఎక్కించినా నా వేలికే ఎక్కుతుంది. బాపు ఆ ఫారం ఇవ్వాల్సిన గడువు ఇంకా పది రోజులుందని, ఈలోగా ఈ ఇంటర్నెట్ అనేది మంచి జాగనో కాదో తానే వచ్చి చూస్తానన్నాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని తనిఖీకి వచ్చాడు. వచ్చిన దగ్గరనుంచి ప్రశ్నలే. మనుషులు కుర్చీలోనే ఉన్నారు కదా, మరి లోపలికి పోయారంటావేం అన్నాడు. బుద్ధి లోపలికి పోతుంది బాపు అన్నాను, అప్పటికి తోచిన జవాబు అదే. ఎంత లోతుంటుంది అన్నాడు. ఎవరికీ తెలియదు అన్నాను. దారి తప్పుతారా అంటే, నిన్న ఒకాయన రైలు టైం చూద్దామని వెళ్ళి రెండు గంటల తర్వాత పెంగ్విన్ల దగ్గర తేలాడని రఫీక్ భాయ్ నిజం చెప్పేశాడు. బాపు గోడలన్నీ కలియజూశాడు. చివరికి ఎవరు ఎప్పుడు దిగారు, ఎవరు ఎక్కారు అనేదానికి బోర్డు ఏది అని అడిగాడు. బోర్డు లేదని తెలిసి ఆయన మొహం పాలిపోయింది. మర్నాడు డ్యూటీ దిగుతూనే ఈ చెక్క, ఈ మేకులు తెచ్చి గోడకు కొట్టాడు. బిళ్ళలు అమ్మ పాత వంట గంజు మూతను కత్తిరించి చేసినవి. ఆ గంజుకు మూత ఈనాటికీ లేదు, అమ్మ ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉంటుంది.

అలా రామగుండం చుట్టుపక్కల ఎక్కడా లేని కట్టుబాటు మా నెట్ సెంటరులో మొదలైంది. వచ్చినవాళ్ళు తాము కూర్చునే కంప్యూటరు నంబరు బిళ్ళ డబ్బాలోంచి తీసి మేకుకు వేయాలి. పని అయ్యాక తీసి డబ్బాలో వేయాలి. గని కార్మికుల ఊరు కాబట్టి ఎవరికీ వింతనిపించలేదు. రిటైరైన ముసలాయన ఒకడు పరీక్ష ఫలితాలు చూడడానికి వచ్చి, బిళ్ళ వేసి, అలవాటు కొద్దీ దీపం కోసం చేయి చాచాడు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఇదేం గోల అని గొణిగేవారు. వాళ్ళకు బాయి గురించి ఏం తెలుసు.

ఇక నేను రఫీక్ భాయ్‌ను బతిమాలి మా కాలనీకి ఒక వెబ్‌సైటు మొదలుపెట్టాను. షిఫ్టుల టైములు, నల్లా వచ్చే వేళలు, తప్పిపోయిన మేకల వివరాలు. అప్పట్లో తెలుగు అక్షరాలు తెరమీద రావడమే గగనం, అందుకని ప్రతి మాటా బొమ్మగా గీసి పెట్టాను. మేకలు మూడు తప్పిపోతే మూడు బొమ్మలు గీయాలి, దొరికితే తీసేయాలి. ఆ పేజీ అడుగున బాపు కోసమని ఒక వరస పెట్టాను: లోపల ఉన్నవారు, పక్కన అంకె. పేరు కొట్టి లోపలికి వస్తే అంకె ఒకటి పెరుగుతుంది, బయటికి అన్న మీట నొక్కితే ఒకటి తగ్గుతుంది. అది చూసి బాపు మొదటిసారి నా పనిని మెచ్చుకున్నాడు. బోర్డూ తెరా ఒక్కటే చెప్తున్నాయా అని రోజూ డ్యూటీ దిగి వచ్చి సరిచూసేవాడు. "గీ లెక్క ఎప్పటికీ తప్పకుంటే నువ్వు గీడ్నే పని చేసుకో బిడ్డా. తప్పిందనుకో, కుట్టు మిషనే మంచిది. మనుషుల లెక్క తప్పే జాగల నా బిడ్డ ఉండద్దు," అన్నాడు. ఫారం మాత్రం జేబులోంచి తీయలేదు.

గడువుకు ఇంకా రెండు రోజులుందనగా అది జరిగింది. రఫీక్ భాయ్ బామ్మర్ది పెళ్ళని బెల్లంపల్లి వెళ్ళాడు, సెంటరులో నేనొక్కదాన్నే ఉన్నాను. సాయంత్రం బాపు వచ్చాడు. గోడమీద బోర్డు ఖాళీ. డబ్బాలో ఆరు బిళ్ళలూ ఉన్నాయి. కుర్చీలన్నీ ఖాళీ. తెరమీద మాత్రం లోపల ఉన్నవారు, ఒకటి. బాపు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాకు సంగతి ఆ క్షణమే అర్థమైంది. ఎవరో బయటికి మీట నొక్కకుండా లేచిపోయారు, నా లెక్కకు అది తెలియదు, తెలిసే దారి నేను పెట్టలేదు. తప్పు నాది. ఆ మాట అంటే ఎల్లుండి నుంచి నేను జాకెట్లకు కాజాలు కుట్టాలి. అందుకని మా వృత్తిలో అందరూ ఆడే అబద్ధాన్ని నేను ఆ రోజే మొదటిసారి ఆడాను. లెక్క సరిగ్గానే ఉంది బాపు, ఎవరో లోపలే ఉండిపోయారు అన్నాను.

ఆ మాట అన్నందుకు తర్వాత నా నాలుక కోసుకోవాలనిపించింది. బాపు చొక్కా చేతులు మడిచాడు. మొదట మోడెం దగ్గరకు పోయి చెయ్యి పెట్టి వేడి చూశాడు. తర్వాత రెంచీ తీసుకుని కంప్యూటరు డబ్బా మీద మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. బాయిలో చిక్కుకున్నవాళ్ళకు గొట్టం మీద కొట్టి సైగ చేసే పద్ధతి అది. అట్లా ఆరు డబ్బాలూ కొట్టాడు. నాలుగోదాన్లో ఫ్యాన్ గర్రుమనడం విని కొంచెం కుదుటపడ్డాడు. "గాలి ఆడుతుంది. ఫికర్ లేదు, మనిషి పాణంతోనే ఉంటడు," అన్నాడు. నేను తల వంచుకుని పెయింటు బ్రష్షుతో దుమ్ము లేనిచోట దులిపాను.

తర్వాత చాయ్ హోటల్ ముందు నిలబడి, ఆ వారంలో నెట్ సెంటరుకు వచ్చిన ప్రతి మగవాణ్ణీ ఆపి ఎప్పుడు దిగావు, ఏ దారిన పోయావు, ఏ దారిన వచ్చావు అని అడిగాడు. మామూలు మనిషి అడిగి ఉంటే నవ్వి పోయేవారు. అడుగుతున్నది దీపాల రాజలింగు, ఆయన అడిగితే నవ్వే అలవాటు మా ఊళ్ళో లేదు. ఒకాయన క్రికెట్ స్కోరు చూసి తిన్నగా వచ్చేశానని చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. బాయిలో పనులు చూసే ఓవర్‌మన్ కొడుకు మాత్రం చెమటలు కక్కుతూ, లూధియానా అమ్మాయితో మాట్లాడింది నిజమే కానీ ఇకమీదట మాట్లాడనని అడగకుండానే ఒప్పుకున్నాడు. చీకటి పడేలోగా కాలనీ సగం తమ తప్పులు ఒప్పేసుకుంది, లోపల ఉన్న మనిషి మాత్రం దొరకలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలా అడిగింది. బాపు కాలే అన్నాడు. అంతే, ఆయన అన్నం ముట్టలేదు. అమ్మ ఆయన కంచం మీద మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్నే సెంటరు తెరిచి, పేర్లు నమోదయ్యే ఫైలు విప్పి చూశాను. లోపల మిగిలిన పేరు ఒక్కటే ఉంది. దీపాలగది. అది బాపు పేరుతో నేను చేసిపెట్టిన ఖాతా. అప్పుడే బెల్లంపల్లి బస్సు దిగి వచ్చిన రఫీక్ భాయ్ మిగతాది చెప్పాడు. మొన్న నేను అన్నానికి ఇంటికి పోయినప్పుడు కాక వచ్చాడట, కూర్చోబెట్టి ఆ పేరుతో తెరిచి చూపించాడట, ఇంతలో కరెంటు పోయి తెర నల్లబడితే కాక లేచి, ఆ ఒక్కరోజు పడ్డ రెండో షిఫ్టు డ్యూటీకి పోయాడట, అందుకే సాయంత్రం లెక్క చూడడానికి రాలేదట. చూసి పోదామని వచ్చినవాడికి బిళ్ళ ఎందుకని ఇద్దరూ అనుకున్నారట. నేను ఆ ఫైలు వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్క వరస తుడిచేస్తే అంకె సున్నా అవుతుంది. ఎవరికీ తెలియదు. లోపలున్నవాడు వచ్చేశాడని చెప్తే బాపు తింటాడు, ఫారం చింపేస్తాడు, నా బతుకు నాది అవుతుంది. మీట మీద వేలు కూడా పెట్టాను. కానీ రాత్రి మూత పెట్టి ఉంచిన ఆయన కంచం కళ్ళముందే ఉంది. వేలు తీసేసి ఇంటికి నడిచాను.

బాపు గడప మీద కూర్చుని బీడీ కట్ట విప్పుతూ చుడుతూ ఉన్నాడు. దాపరికం లేకుండా మొత్తం చెప్పేశాను. లోపల ఉండిపోయింది నువ్వే అన్నాను. నా లెక్కకు చెప్పకుండా పోయినవాళ్ళు తెలియరు, తప్పు నాదే, నిన్న అబద్ధం ఆడాను, ఫారం ఇచ్చేయి అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. బాపు ఫారం సంగతి ఎత్తలేదు. నా మొహంలోకి చూసి, నేనా అన్నాడు. నువ్వే అన్నాను. ఎన్ని రోజులైంది అన్నాడు. రెండు అన్నాను. అప్పుడు ఆయన మెల్లగా లేచి వంటింటి వైపు తిరిగాడు.

"ఇంటున్నవా, రెండు దినాల సంది నేను లోపట్నే ఉన్ననట."

"మరి నిన్న పొద్దుగాల ఉప్మా తిన్నదెవలు?" అంది అమ్మ.

బాపు నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో ఒక వెలుగు, అట్లాంటిది మా అక్క పెళ్ళిలో కూడా చూడలేదు. ఇప్పుడే పోయి పేరు తుడిచేస్తాను అని నేనంటే, చేత్తో ఆపాడు. "నువ్వు తుడిస్తే ఎట్ల? దిగినోడే ఎక్కాలె. మొదటి షిఫ్టు అయిందాక ఉండనీయ్, నేనే ఎక్కుత," అన్నాడు. ఆ రోజు సెలవు పెట్టాడు. గంజు మూతలో మిగిలిన ముక్కతో ఏడో బిళ్ళ చేసుకున్నాడు, బోర్డుకు ఏడో మేకు కొట్టి దాన్ని వేలాడదీశాడు. పక్క క్వార్టరు కాక దగ్గర హెల్మెటు, బూట్లు అరువు తెచ్చుకున్నాడు. సెంటరులో రెండో నంబరు కంప్యూటరు ముందు ఆ వేషంలో చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చున్నాడు. చాయ్ ఇస్తే లోపల చాయ్ తాగరాదు అన్నాడు. వచ్చిపోయేవాళ్ళు ఎట్లుంది కాక లోపట అని అడిగితే, పైకప్పు మంచిగనే ఉంది అని చెప్పాడు. సైరన్ మోగే వేళకు గుమ్మంలో ఇరవైమంది పోగయ్యారు. రఫీక్ భాయ్ నమాజుకు వెళ్ళాడు. సైరన్ మోగింది. బాపు బయటికి అన్న మీట నొక్కాడు. అంకె సున్నా అయింది. బయట ఈలలు, చప్పట్లు. ఆయన లేచి, మేకు నుంచి తన బిళ్ళ తీసుకుని, పద్ధతి ప్రకారం జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. ఆ సాయంత్రం క్వార్టర్ల ముందు మంచాల మీద మొదటిసారి బాపు మాట్లాడితే మిగతావాళ్ళు విన్నారు.

కుట్టు ఫారం అమ్మ గూట్లో ఉప్పుడబ్బా కింద పరిచింది. నన్ను మాత్రం బాపు ఊరికే వదల్లేదు. పక్కన కూర్చోబెట్టుకుని, పోయేవాడు చెప్పి పోతాడని నమ్ముకుంటే ఎట్లా అన్నాడు. దీపాల గదిలో తాము అట్లా నమ్మరట, షిఫ్టు అయ్యాక తామే అడుగుతారట. నేను ఆ రాత్రే కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. కాసేపు ఎవరూ కదలకపోతే సైటే ఉన్నారా అని అడగాలి, జవాబు రాకపోతే వెతికి బయటికి పంపేయాలి. తర్వాత హైదరాబాదులో ఇంటర్వ్యూలో ఇదే పద్ధతి గురించి అడిగితే గడగడా చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నావు అన్నారు. దీపాల గదిలో అన్నాను. అదేదో పెద్ద కోచింగ్ సెంటరు అనుకున్నట్టున్నారు, ఉద్యోగం ఇచ్చారు.

ఇప్పటి సంగతి చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఈనాడు సైట్లు కట్టించుకునేవాళ్ళు అడిగేది ఒక్కటే, వచ్చినవాడు బయటికి పోకూడదు. ఒక బొమ్మ అయిపోతే ఇంకో బొమ్మ దానంతట అదే రావాలి. పేజీకి అడుగు ఉండకూడదు. బయటికి అన్న మీట ఎక్కడో మూల, బూడిదరంగులో, చీమ తలకాయంత ఉండాలి. నా చేతులతో నేనే అది అంత చిన్నగా గీస్తున్నాను, జీతం తీసుకుంటున్నాను. బాపుకు ఇది చెప్పలేదు. చెప్తే ఆయన ఆ బీడీ చేత్తోనే నా వీపు మీద ఒకటి వేస్తాడు. ఆ కాలంలో మా ఊళ్ళో లోపల ఒక్కరు మిగిలితే కాలనీ మొత్తం వెతికింది. ఇప్పుడు ఊరు ఊరంతా లోపలే ఉంది, చాయ్ హోటల్లో పక్కపక్కన కూర్చున్న నలుగురూ నాలుగు చోట్ల ఉన్నారు. అడిగేవాడు లేడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, పొద్దున పైకి పోయి కూర్చుంటే అన్నానికి పిలిచినా వినపడదు. పనైపోయాక కూడా ఫోన్ పట్టుకుని ఎవరిదో తెలియని పెళ్ళి ఫొటోలు చూస్తుంటాను. పెంగ్విన్ల దగ్గర తేలిన ఆయనను చూసి నవ్వినదాన్ని నేనే.

ఇక రఫీక్ భాయ్. చెక్క చప్పుడు విని బాపు పెరట్లోంచి రానే వచ్చాడు. పాపం రఫీక్ భాయ్ గోడకు అతుక్కుపోయాడు. తప్పు ఒప్పుకున్నాడు. బాపు అంతా విని, కళ్ళద్దాల పెట్టె తెరిచి, అద్దాల కింద పెట్టుకున్న అల్యూమినియం బిళ్ళ తీసి చూపించాడు. అంచులు అరిగి నున్నగా ఉంది. "నేను ఎక్కినప్పుడు నా బిళ్ళ నేను తీసుకపోయిన. గది పద్ధతి గదా రఫీకూ," అన్నాడు. రఫీక్ భాయ్ కుర్చీలో కూలబడి, ఇన్నేళ్ళూ తాగిన దగ్గుమందులన్నీ గుర్తొచ్చినట్టు దగ్గాడు. అమ్మ చాయ్ పెట్టింది. ఆయన రెండు కప్పులు తాగి, మూడోదానికి కూడా వద్దనలేదు.

ఆయన వెళ్ళాక బాపు నాతో మెట్లెక్కి పైకి వచ్చి, నా గదిలో, కంప్యూటరుకు ఎదురుగా బోర్డు కొట్టించాడు. ఏడో బిళ్ళ నా చేతిలో పెట్టాడు. పొద్దున పనిలోకి దిగేటప్పుడు మేకుకు వేయాలట, ఎక్కాక తీసి తన చేతికి ఇవ్వాలట. నేను నవ్వాను కానీ వేశాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం సైరన్ మోగగానే మెట్లమీద కర్ర చప్పుడు వినిపిస్తుంది. బిళ్ళ ఉంటే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

ఈరోజు కూడా సైరన్ మోగి చాలాసేపయింది. బాపు వెనక కూర్చుని ఉన్నాడు. ఒక్క పేరా మిగిలింది బాపు, రాసేసి వస్తా, నువ్వు కిందికి పోయి చాయ్ తాగు అన్నాను. "రాసుకో బిడ్డా. నువ్వు ఎక్కినంకనే నా డ్యూటీ దిగుడు," అన్నాడు. కింద వంటింట్లోంచి అమ్మ అడుగుతోంది, ఖాళీ అయ్యిందా అని. పచ్చిపులుసు పోపు ఆగి ఉంది. బిళ్ళ ఇంకా మేకుకే ఉంది. రాయాల్సింది ఇంకా చాలా ఉంది కానీ ఇక్కడ ఆపేస్తున్నాను. ఎనభై దాటిన మనిషి చేత ఓవర్‌టైం చేయించడం నాకు ఇష్టం లేదు.